బాలుర వ్రాతకై పాటుపడిన పంతులు: గిడుగు వేంకట రామమూర్తి గారి జీవితము

మన చంద్రశేఖరపురము గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఎవరి జీవితమును స్మరించుకొనుట ఉచితమా యని యోచించితిని. మహాకవులు కలరు, మహావక్తలు కలరు. వారిని గూర్చి వ్రాయువారును కలరు. నా మనస్సునకు మాత్రము ఒక బడిపంతులు తోచినారు. పసిబాలుడు పలకమీద వ్రాయు మొదటి వాక్యము వాని నోటి మాట కావలెనా, వానికి తెలియని ప్రాతమాట కావలెనా యను ఒక్క ప్రశ్నకై ముప్పదియేండ్లకు పైగా పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారే వారు. గ్రంథాలయపు గడప త్రొక్కు ప్రతి పాఠకుడును ఒకనాడు పలక పట్టిన బాలుడే. ఆ పలకయొద్ద వెనుదీసిన బాలుడు పెద్దవాడై ఈ గడప త్రొక్కడు. కావున పంతులుగారి చరిత్ర మన గ్రంథాలయ చరిత్రకు పునాదిరాయి వంటిది.

పలక యనగానే మన ప్రాంతపు వారికి మార్కాపురము జ్ఞప్తికి వచ్చును. అచ్చటి గనులలో దొరకు నల్లరాతిని పొరలు పొరలుగ చీల్చి, కోసి, నునుపుచేసి, కొయ్యచట్రములలో బిగించి మన పల్లెల కూలివాండ్రు దేశదేశములకు పంపిరి. ఎన్ని భాషల పిల్లలు, ఎన్ని లిపులలో, ఆ పలకలమీద తమ మొదటి అక్షరము దిద్దిరో లెక్కచెప్పగలవారు లేరు. నోటుపుస్తకములు వచ్చినపిదప పలకల వాడుక తగ్గినను, అక్షరాభ్యాసమునాడు నేటికిని పలకయే కావలెను. పలకను చేయుట మనవారి పని యైనది. ఆ పలకమీద ఏమి వ్రాయింపవలెను అను విచారము పంతులుగారి పని యైనది.

పంతులుగారి పని బోధపడవలెనన్నచో, వారికి పూర్వము మన వీథిబడులలో వ్రాత ఎట్లు నేర్పుచుండిరో కొంచెము తెలిసికొనవలెను. 1822లో మద్రాసు గవర్నరుగా ఉండిన మన్రో దొర రాజధానిలోని బడుల లెక్క తీయించెను. దత్తమండలములలోని బళ్లారి జిల్లాకు అప్పుడు క్యాంబెల్ అను నతడు కలెక్టరు. అతడు తెలుగు నేర్చి, తెలుగునకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిన విద్వాంసుడు. 1823లో అతడు పంపిన నివేదిక మన వీథిబడిని కన్నులకు కట్టునట్లు చూపును. సుమారు తొమ్మిది లక్షల ఇరువదియెనిమిది వేల జనమున్న ఆ జిల్లాలో బడులు 533, అందు తెలుగు బడులు 226, మొత్తము చదువుకొను పిల్లలు 6,641 మంది మాత్రమే. పిల్లవానికి అయిదేండ్లు రాగానే బడిలో వేయుట ఆచారము. ఉదయము ఆరుగంటలకే బడి. అందరికంటె ముందుగా వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న. మూడవవానికి ఒక బెత్తపుదెబ్బ, నాలుగవవానికి రెండు. ఇట్లు వచ్చిన వరుసను బట్టి దెబ్బలు పెరుగుచుండును.

వ్రాత మొదట ఇసుకలో వ్రేలితో. అక్షరములు కుదిరినపిదప తాటాకుమీద గంటముతోనో, కాగితముమీద రెల్లుకలముతోనో, లేక పలకమీదను కడితముమీదను బలపముతోనో వ్రాయుట. ఆ పలక రాతిపలక కాదు. అన్నమును బొగ్గుపొడిని కలిపి పూసిన కొయ్యపలక. కడితమన నట్టి పూతయే పూసి గట్టిపరచి మడతలు పెట్టిన గుడ్డ. తడిగుడ్డతో తుడిచిన మరల వ్రాసికొనవచ్చును. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుదురు. ఇంత తక్కువ వ్యయముతో వ్రాత నేర్పు ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను. ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగినదే యని కూడ అతడు తలచెను.

అయితే అతడు ఒక పెద్ద లోపమును కూడ ఎత్తిచూపెను. బడిలో పిల్లలు వల్లించు పద్యగ్రంథముల భాష వారు ఇంట మాటలాడు భాషకు చాల దూరము. పిల్లవాడు వందలకొలది పద్యములు తప్పులేక చదువును కాని, వాని అర్థము వానికి చిలుకకు తెలిసినంతయే తెలియును. పెక్కు చోట్ల చెప్పు పంతులునకును అంతకంటె ఎక్కువ తెలియదు. కావున ఏండ్లతరబడి చదివినవాడును ఒక సాధారణమైన జాబు స్వయముగ వ్రాయలేకుండెను. చేతికి అక్షరము వచ్చినది. మనస్సునకు వ్రాత రాలేదు. ఈ మాట వ్రాసిన నలువదియేండ్లకు రామమూర్తిగారు పుట్టిరి. వారు పెరిగి పెద్దవారగునప్పటికి కూడ ఈ లోపము తీరలేదు.

తీరకపోగా, కొత్తరూపు దాల్చినది. ఇంగ్లీషు పరిపాలనలో పాఠశాలలు పెరిగి, అచ్చు పుస్తకములు వచ్చి, పద్యములతోపాటు వచనము నేర్పవలసిన అవసరము కలిగెను. చిన్నయసూరిగారు 1853లో వెలువరించిన నీతిచంద్రికయు, వారి బాలవ్యాకరణమును వచనమునకు ఒరవడిగ నిలిచినవి. సూరిగారి వచనము సొగసైనది. దానిని ఎవ్వరును కాదనలేరు. కాని ఆ సొగసు ప్రాతకావ్యముల భాషలోనిది. దానిని పండితులు చదివి ఆనందించుట వేరు, పదేండ్ల బాలుడు తన ఊరిని గూర్చి ఆ భాషలోనే వ్రాయవలెననుట వేరు. ఇట్టి కాలమున, ఈ చిక్కును విప్పవలసిన పురుషుడు వంశధారా నదీతీరమున జన్మించెను.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన, శ్రీకాకుళమునకు ఉత్తరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి పర్లాకిమిడి సంస్థానములో చిన్న ఉద్యోగి. 1875లో, కుమారునికి పండ్రెండేండ్లు నిండునప్పటికి, ఆయన కాలధర్మము నొందెను. ఇంటి బరువు తెలిసిన బాలుడు బంధువులయింట నుండి విజయనగరములో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివెను. అచ్చట గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయి. ఒకే బడిలో చదివిన ఈ ఇరువురు మిత్రులు ముప్పదియేండ్ల తరువాత ఒకే పోరాటమున భుజము భుజము కలిపి నిలుతురని అప్పుడెవ్వరును ఎరుగరు.

1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగ చేరిరి. వయస్సు పదునేడేండ్లు. చిన్న తరగతులకు చరిత్ర చెప్పుచు, ఇంటిలో చదువుకొనుచు, ఎఫ్.ఏ. పరీక్షను, 1896లో బి.ఏ. పరీక్షను ప్రయివేటుగ గడచిరి. అప్పటికి ఆ పాఠశాల కళాశాలగ పెరిగినది. ముఖలింగ క్షేత్రములోని శాసనములు చదువ గోరి ప్రాతలిపులను వారు స్వయంకృషిచే నేర్చుకొనిరి. గురువు లేక, రాతిమీది గీతలే గురువుగా, అక్షరమక్షరము పోల్చుకొనుచు నేర్చిన చదువది. వ్రాత నేర్చుకొనువాని అవస్థ ఎట్టిదో నడివయస్సున తిరిగి అనుభవించిన ఉపాధ్యాయుడు మనలో ఎందరుందురు?

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడ్రమునకు గాని చుట్టము కాదు. అది ముండా భాషాకుటుంబమునకు చెందినది. దానికి అప్పటికి లిపి లేదు, పుస్తకము లేదు. కొండదిగి వచ్చు సవరలను చూచి, వీరికి చదువు ఎట్లు వచ్చునని రామమూర్తిగారు చింతించిరి. తెలుగు పుస్తకము చేతికిచ్చిన అది సవర బాలునికి పరభాష. కావున సవర బాలునికి సవరలోనే అక్షరము నేర్పవలెనని నిశ్చయించుకొనిరి. నేర్పవలెనన్న ముందుగ తాము నేర్చుకొనవలెను గదా. తెలుగు వచ్చిన సవరవానిని ఇంటిలో ఉంచుకొని, అన్నము పెట్టి, వానియొద్ద శిష్యులై కూర్చుండి ఆ భాష నేర్చిరి. బ్రాహ్మణగృహములలో కట్టుబాట్లు ఎంత గట్టివో ఎరిగినవారికి ఈ పనిలోని సాహసము బోధపడును.

భాష నేర్చుటతో శ్రమ తీరలేదు. సవరలో పలుకు కొన్ని ధ్వనులకు తెలుగులో అక్షరములు లేవు. కంఠములో గాలి బిగబట్టి విడుచు ధ్వనులున్నవి. మన అచ్చులకు సరిపోని అచ్చులున్నవి. పంతులుగారు చెవియొగ్గి, మరల మరల పలికించుకొని, ఏ ధ్వనికి ఏ గుర్తు పెట్టవలెనో నిర్ణయించుకొనిరి. పాఠపుస్తకములు, కథలు, పాటలు, తెలుగు సవర నిఘంటువు, సవర తెలుగు నిఘంటువు కూర్చిరి. స్వంతద్రవ్యము వెచ్చించి సవర పిల్లలకు బడులు పెట్టించి, సవర భాషలో చదువు చెప్పించిరి. కొండజ్వరము పట్టినప్పుడు తీసికొనిన క్వయినా మందువలన వారి వినికిడి చెడిపోయినది. ఇతరుల నోటి ధ్వనులను అంత సూక్ష్మముగ వినుటకై జీవితమును ధారపోసినవారికి ఆ ప్రయత్నములోనే చెవులు పోవుట దైవఘటన యనవలెను. కాని వారు దానికి వగచి పని మానలేదు.

మద్రాసు ప్రభుత్వము వారు 1911లో సవర పుస్తకములను అచ్చువేయించి, పారితోషికము ఇవ్వజూపగా, పంతులుగారు తమకు ధనము వలదనియు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు మంచి బడి పెట్టుడనియు కోరినట్లు వారి జీవితము వ్రాసినవారు చెప్పుదురు. 1913లో ప్రభుత్వము బిరుదమిచ్చి గౌరవించెను. 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. 1934లో కైజర్ ఇ హింద్ స్వర్ణపతకము లభించెను. బిరుదములమాట అటుండనిండు. సవర పిల్లవాడు తన తల్లిమాటను పలకమీద చూచుకొనిన క్షణమున పంతులుగారికి కలిగిన తలంపు మనకు ముఖ్యము. కొండలోని బాలునికి వాని మాటలోనే వ్రాత నేర్పవచ్చునేని, మైదానములోని తెలుగు బాలునికి వాని మాటలోనే ఏల నేర్పరాదు?

ఆ ప్రశ్నకు సందర్భము త్వరలోనే వచ్చినది. ఇంచుమించు 1906, 1907 సంవత్సరములలో ఏట్సు అను ఇంగ్లీషువాడు ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగ వచ్చెను. అతడు తెలుగు నేర్చుకొనబోగా విచిత్రమొకటి కనిపించెను. పుస్తకములో ఒక తెలుగు, బజారులో వేరొక తెలుగు. చదువుకొన్నవారు సైతము తాము మాటలాడునట్లు వ్రాయరు, వ్రాయునట్లు మాటలాడరు. బడిపిల్లలకు నేర్పు భాష ఏది కావలెనని అతడు విశాఖపట్టణములో కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. వారు గురజాడ, గిడుగు వారల పేరులు చెప్పిరి. ఇట్లు నలువురు కలిసిరి. వ్యావహారిక భాషోద్యమమునకు బీజము పడినది ఇచ్చటనే. అది కవుల సభలో పుట్టలేదు. పిల్లలకు వ్రాత ఎట్లు నేర్పవలెనను బడి ప్రశ్నలో పుట్టినది. ఈ సంగతిని మనము తరచు మరతుము.

1911లో పంతులుగారు ముప్పదియేండ్ల ఉపాధ్యాయవృత్తి చాలించిరి. వారి విశ్రాంతి ఆనాటితోనే ముగిసినదని చెప్పవచ్చును. ఆ యేడే మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. జయంతి రామయ్య పంతులుగారు దానికి మూలస్తంభము. పాఠశాల తుదిపరీక్షలో విద్యార్థులు వ్యాసమును ప్రాతభాషలోగాని నేటి వాడుకభాషలోగాని వ్రాయవచ్చునని అధికారులు అనుమతించినంతనే రాష్ట్రమంతట కలకలము చెలరేగెను. సభలు, మహజర్లు, పత్రికలలో వాదములు. భాష పాడగునని ఒకరు, పిల్లలు బ్రదుకుదురని మరియొకరు. వాడుకభాష వ్రాతకు తగదనిన వారు అజ్ఞులు కారు. వేదము వేంకటరాయశాస్త్రిగారి వంటి ఉద్దండ పండితులు వారిలో నుండిరి. వేయేండ్ల సాహిత్యముతో పిల్లలకు సంబంధము తెగునేమో యన్న భయము వారిది. ఆ భయమును పరిహసింపరాదు. పంతులుగారును పరిహసింపలేదు. దానికి సమాధానము చెప్పిరి.

వారి సమాధానమును మూడు మాటలలో సంగ్రహింపవచ్చును. మొదటిది: ప్రాతకావ్యములు చదువవలదని వారెన్నడును అనలేదు. చదివి ఆనందింపవలసినవి చదువుడు, కాని వాని భాషలో వ్రాయుమని బాలుని నిర్బంధింపకుడు అనిరి. రెండవది: శిష్టులు నిత్యము మాటలాడు భాషకును నియమములున్నవి. అది గాలివాటు కాదు, దానిని శ్రద్ధగ నేర్పవచ్చును. మూడవది: వ్యాకరణమని కట్టుబడి వ్రాయుచున్నామను పండితులే ఆ వ్యాకరణమును తప్పక వ్రాయలేకున్నారు. పండితులకు సాధ్యము కానిది పదియేండ్ల బాలునికి ఎట్లు సాధ్యమగును?

ఈ మూడవమాటను నిరూపించుటకు వారు చేసిన శ్రమ అపారము. గ్రాంథికవాదుల రచనలను వరుసగ చదివి, వారి సూత్రములకే విరుద్ధమైన ప్రయోగములను ఏరి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము అను గ్రంథమున చూపిరి. పూర్వపు వచనములలో వాడుకమాటలు నిండియుండుటను గద్యచింతామణిలో చూపిరి. బాలకవి శరణ్యమున బాలవ్యాకరణపు చిక్కులను విమర్శించిరి. 1913లో నేటి తెలుగును గూర్చి ఇంగ్లీషులో ఒక వినతిపత్రము వ్రాసిరి. ఊరూరికి పుస్తకముల మూటతో పోయి, తాము చెప్పిన ప్రతిమాటకును సాక్ష్యము పుటతో సహా తెరచి చూపుట వారి పద్ధతి. వినికిడి లేనందున ఎదుటివారి ప్రశ్నలు వ్రాసి యిచ్చుట తరచు అవసరమగుచుండెను. వారి ఉపన్యాసము సాగిన గంటలు గడచుట తెలియదట.

కాని తొలిదశలో ఓటమియే కలిగినది. విశ్వవిద్యాలయము వారి వ్యాసరచనా సంఘములో వాడుకభాషవారు కొలదిమంది యగుటచే, గురజాడ అప్పారావుగారు తమ అసమ్మతిని విపులమైన పత్రముగ 1914లో ప్రకటించిరి. ఆ యేడే అధికారులు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించిరి. 1915 నవంబరులో గురజాడవారు అస్తమించిరి. రామమూర్తిగారికి అప్పుడు ఏబదిరెండేండ్లు. మిత్రుడు పోయెను, చెవులు పోయినవి, ఉద్యోగము లేదు, ఆజ్ఞ ప్రతికూలము. మరియొకడైన ఇల్లు పట్టి కూర్చుండును. పంతులుగారు ఇల్లు వెడలిరి.

1919 ఫిబ్రవరిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి అధ్యక్షులగుట పెద్ద విశేషము. గ్రాంథికమున ఎన్నియో గ్రంథములు వ్రాసి గద్యతిక్కన యనిపించుకొనిన వారు జీవితాంతమున ఈ పక్షమునకు వచ్చిరి. ఆ యేటనే వారు కన్నుమూసిరి. రామమూర్తిగారు తెలుగు అను పేర మాసపత్రిక నొకదానిని స్వయముగ నడపిరి. అది ఏడాదికాలము మాత్రమే సాగినను, దాని పుటలు పిదపవారికి గనివలె ఉపయోగపడినవి. క్రమముగ యువరచయితలు, పత్రికలవారు వారి వెంట నడచిరి. వారి శిష్యులైన తాపీ ధర్మారావుగారు పత్రికలో వాడుకభాషను నిలిపి చూపిరి. 1924లో, కాకినాడకు తరలియుండిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు కూడ వాడుకభాషపై పెట్టిన నిషేధమును తొలగించెను. ఓడినవారిని ఒప్పించుటకు పది సంవత్సరములు పట్టినది.

ఇచ్చట నా అనుభవ మొకటి చెప్పుట అప్రస్తుతము కాదనుకొందును. నేనును ప్రాథమికపాఠశాలలో చిరకాలము పిల్లలకు వ్రాత నేర్పినవాడను. ఒక యేడు నాలుగవ తరగతిలో మేకలకాపరి కొడుకొకడు ఉండెను. వెలిగొండ మీద వాన కురిసిన రాత్రి, చింతచెట్టు క్రింద మేక ఈనగా, తడిసిన పిల్లను గొంగడిలో చుట్టి, రొమ్మున హత్తుకొని తెల్లవారుదాక కూర్చున్నానని వాడు చెప్పుచుండ తరగతియంతయు నోరు తెరచి వినెను. నాకును ముచ్చట గలిగి దానినే వ్రాయుమంటిని. వాడు చాలసేపు పెన్సిలు కొరికి, మేక సాధుజంతువనియు, అది పాలిచ్చుననియు, దానికి నాలుగు కాళ్ళనియు మూడు వాక్యములు వ్రాసి తెచ్చెను. పుస్తకములోని వాక్యములవి. నోట నున్న మేక చేతికి రాలేదు. మరునాడు వాడు ధైర్యము చేసి తన మాటలలో వ్రాసి తెచ్చెను. నేను ఆ మాటలకు ఎఱ్ఱసిరాతో గీతలు పెట్టితిని, వాడుకమాటలని. ఆ తరువాత వాడు నాకు మేకను గూర్చి ఎన్నడును చెప్పలేదు. రామమూర్తిగారి వ్యాసములు నేను చదివినది దాని తరువాతనే. మునుపే చదివియుండిన ఆ గీతలు పెట్టకయుందును. ఈ వ్యాసమున వారి మతమును మెచ్చుకొనుచునే ప్రాతభాషలో వ్రాయుచున్నానని మీరు నవ్వవచ్చును. చిన్ననాడు నా చేతికి నేర్పిన నడక ఇది. అది మారలేదు. పిల్లలచేతికి ఏది మొదట నేర్పుదుమో అది ఎంత గట్టిగ పట్టునో చెప్పుటకు నేనే దృష్టాంతము.

పంతులుగారి తుది సంవత్సరములలో మరియొక దుఃఖము కలిగినది. 1936 ఏప్రిలు ఒకటవ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, పర్లాకిమిడి అందు చేరెను. ఏబదియారేండ్లు తాము బ్రదికిన ఊరు అది. అచ్చటి తెలుగువారి పక్షమున వాదించి ఫలము కానక, వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చి స్థిరపడిరి. డెబ్బదిరెండేండ్ల వయస్సున ఇల్లు మార్చుట ఎంత కష్టమో వృద్ధులకు తెలియును. ఆ 1936లోనే సవరలలో మంగేయి గొమాంగో అనునతడు తమ భాషకు ప్రత్యేకలిపి నొకదానిని కల్పించుట గమనింపదగినది. సవరమాటను వ్రాయవచ్చునన్న తలంపు సవరలలోనే మొలకెత్తినది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వారికి కళాప్రపూర్ణ బిరుదమిచ్చెను. 1940 జనవరిలో వారు మద్రాసులో ఉండి, పత్రికాసంపాదకులను సమావేశపరచి, పత్రికలు ప్రజల భాషలో వ్రాయవలెనని అర్థించిరి. ఆ తరువాత కొలదిదినములకే, జనవరి 22వ తేదీన పరమపదించిరి. వారి పుత్రులు సీతాపతిగారు తండ్రి కృషిని చిరకాలము కొనసాగించిరి.

వారు కోరినది వారి కన్నులయెదుట పూర్తిగ నెరవేరలేదు. కాని పిదప నెరవేరినది. వార్తాపత్రికలు వాడుకభాషకు వచ్చినవి. బడి పుస్తకములు వచ్చినవి. మన గ్రంథాలయమునకు వచ్చు ఏ దినపత్రికను తెరచినను పంతులుగారు గెలిచిరని అది చెప్పుచునేయుండును. వారి జన్మదినమైన ఆగష్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. 2004 ప్రాంతమున మన రాష్ట్రమున గిరిజన బాలురకు వారి మాతృభాషలలో, సవర కూడ చేరిన ఎనిమిది భాషలలో, తెలుగు లిపితో వాచకములు సిద్ధపరచి మొదటితరగతులలో ప్రవేశపెట్టిరి. పర్లాకిమిడి పంతులు స్వంత సొమ్ముతో మొదలిడిన పని నూరేండ్లు గడచినపిదప ప్రభుత్వపు పని యైనది.

అయినను పని ముగిసినదని అనరాదు. పుస్తకములోని భాష మారినది కాని, వ్రాయించు పద్ధతి అన్నిచోట్ల మారలేదు. నేటికిని పెక్కుమంది పిల్లలకు వ్రాతయనగా నల్లబల్లమీదిది చూచి ఎక్కించుకొనుటయే. ప్రశ్నకు సమాధానము పుస్తకములో గీత గీసియుండును. దానిని అందముగ ఎత్తివ్రాసిన మార్కులు వచ్చును. దస్తూరి ముద్దుగా ఉండవలసినదే, వర్ణక్రమము తప్పరాదు. ఈ రెండును నేర్పని ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడు కాడు. కాని అవి వ్రాతకు మేనివంటివి. ప్రాణము వేరు. పిల్లవాడు తాను చూచినది, తనకు తోచినది, తన మాటలో కాగితముమీద పెట్టగలుగుటయే ఆ ప్రాణము. క్యాంబెల్ 1823లో చెప్పిన లోపము నేడు కొంత వేషము మార్చుకొని మన బడిలో కూర్చుండియున్నదేమో ఎవరి పిల్లల పుస్తకములు వారు తెరచి చూచుకొనవలెను. ఇంగ్లీషు మాధ్యమపు బడులలో ఈ విచారము మరింత అవసరము. అర్థము కాని భాషలో ఎత్తివ్రాయు పిల్లవాని అవస్థ, ఆనాడు పద్యములు వల్లించిన పిల్లవాని అవస్థకు తమ్ముడు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయ పాలకవర్గమునకును, చందాదారులకును ఒక చిన్న విన్నపము. పుస్తకములు తెచ్చి పిల్లలకు చదువనిచ్చుట ఇరువదియైదేండ్లుగ చేయుచున్నాము. ఇక వారముల కొకనాటి సాయంత్రము పిల్లలను కూర్చుండబెట్టి వ్రాయింతము. పెద్ద విషయములు వలదు. భైరవకోనకు పోయివచ్చిన దినము, కందిచేను కావలి, చెరువు నిండిన యేడు, అవ్వ చెప్పిన కథ, తన మేక. ఎవరును ఎఱ్ఱసిరా పట్టరాదు. తప్పులు తరువాత మెల్లగ దిద్దవచ్చును. ఆ కాగితములను కుట్టి, అట్టవేసి, బీరువాలో కొన్న పుస్తకముల ప్రక్కనే ఉంచుదము. ఊరి పిల్లల పుస్తకము ఊరి గ్రంథాలయములో లేకున్న మరెచ్చట ఉండును?

మన రాళ్ళను చీల్చి పలకలు చేసిన కూలివారి పేరులు ఎవరికిని తెలియవు. ఆ పలకమీద పిల్లవాని మాటకు చోటు కల్పించిన పంతులుగారి పేరు తెలిసినంత చాలదు. వారి పని చేయువారు ఊరికొకరైనను ఉండవలెను.